పేజీ ఉంది కదా, సైటు ఎందుకు?

హనుమకొండలో వెబ్ డిజైన్ చేసి బతికే నన్ను ఇప్పుడు ఎవరూ మొదట ధర అడగడం లేదు. "ఫేస్‌బుక్‌లో పేజీ ఉంది, ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియోలు పెడుతున్నాం, ఆర్డర్లు వాట్సాప్‌లో వస్తున్నాయి. ఇంకా సైటు ఎందుకు తమ్మీ?" అని అడుగుతున్నారు. మా వృత్తిలో చాలామంది ఈ ప్రశ్న వినగానే చిన్నబుచ్చుకుంటారు. నాకైతే మంచి ప్రశ్న అనిపిస్తుంది. ఒకప్పుడు ఇదే మనుషులు "పక్క దుకాణానికి ఉంది, మాకూ కావాలి" అని వచ్చేవారు. ఎందుకో వాళ్లకూ తెలియదు, కట్టి ఇచ్చిన మాకూ తెలియదు. దానికంటే ఇది నయం.

నిజానికి అడిగేవాళ్లలో చాలామందికి సైటు అక్కర్లేదు. నయీంనగర్‌లో టిఫిన్ సెంటరు నడిపే ఆయనకు కావలసింది గూగుల్ మ్యాప్‌లో దుకాణం సరైన చోట కనబడటం, తెరిచే వేళా మూసే వేళా తప్పు లేకుండా ఉండటం, ఇచ్చిన ఫోను నంబరు పనిచేయడం. ఆ మాటే చెప్పి పంపిస్తాను. టీ తాగించి పంపిస్తారు తప్ప అందులో నాకు వచ్చేది ఏమీ లేదు.

నేను వాదించేది మరో రకం వాళ్ల కోసం. వచ్చే ఏడాది కూడా ఎవరికో ఒకరికి అవసరపడే సమాచారం చేతిలో ఉన్నవాళ్లు. కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లు, పెంబర్తిలో ఇత్తడి పని చేసేవాళ్లు, చిన్న కాలేజీలు, మండల కేంద్రాల్లో క్లినిక్కులు, తమ ఊరి శాసనాలనూ కథలనూ ఓపికగా పోగుచేస్తున్న విశ్రాంత ఉపాధ్యాయులు. వీళ్లు తమ మాటలన్నీ తీసుకెళ్లి సామాజిక మాధ్యమాల్లోనే పెట్టి, తమదంటూ ఒక చిరునామా లేకుండా ఉండటం తప్పని నా వాదన. తెలుగు మాటను అక్షరాలుగా కాకుండా బొమ్మగా పెట్టడం ఇంకా పెద్ద తప్పు. ఎక్కువగా చెప్పవలసింది ఈ రెండోదాని గురించే. కానీ మొదటిది తేలనిదే దాని దగ్గరకు పోలేం.

"రోజుకో టెక్నాలజీ వస్తోంది, ఇవాళ కట్టిన సైటు రేపటికి పాతబడుతుంది, ఫేస్‌బుక్ అయితే మార్పులన్నీ వాళ్లే చూసుకుంటారు" అన్నది నాకు ఎదురయ్యే గట్టి అభ్యంతరం. వినడానికి సబబుగానే ఉంటుంది. ఈ పనిలో ఉండి చూసినవాడికి పోయినవి చాలానే గుర్తుంటాయి. టేబుళ్లలో టేబుళ్లు ఇరికించి పేజీ పేర్చేవాళ్లం. 2001లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 బ్రౌజరు దాదాపు పదేళ్లు డిజైనర్ల నిద్ర చెడగొట్టింది. దానికోసం విడిగా కోడు రాయవలసి వచ్చేది. ఇంజనీరింగ్ కాలేజీ సైటు అంటే ముందు ఫ్లాష్‌లో, అంటే పేజీలో బొమ్మలు కదిలించడానికి అప్పట్లో వాడిన సాఫ్ట్‌వేరులో, ఒక హంగామా ఉండి తీరాలి. కాలేజీ పేరులోని ఒక్కో అక్షరం ఎగిరి వచ్చి వాలాలి, వెనక వాయిద్యాలు మోగాలి, మూలన 'స్కిప్' అని ఒక బటను ఉండాలి. చూడవచ్చిన ప్రతివాడూ నొక్కేది ఆ బటనునే అయినా యాజమాన్యాలకు ఎగిరే అక్షరాలంటే ప్రాణం. ఐఫోనులోకి ఫ్లాష్‌ను ఎందుకు రానివ్వడం లేదో స్టీవ్ జాబ్స్ 2010లో బహిరంగ లేఖ రాశాడు. అడోబీ సంస్థ 2017లో ముందుగా చెప్పి, 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌ను ఆపేసింది. అంత మురిపెంగా చేయించుకున్న హంగామాలన్నీ ఒక్కసారిగా ఖాళీ పెట్టెలయ్యాయి.

పోయినవాటినే చూస్తే మాత్రం లెక్క సగమే తేలుతుంది. టిమ్ బెర్నర్స్ లీ 1991లో స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనశాలలో మొదలుపెట్టిన తొలి వెబ్‌సైటు పేజీలను ఆ సంస్థ పాత చిరునామాలోనే మళ్లీ నిలబెట్టింది. కాజీపేట స్టేషన్‌లో రైలు కోసం నిలబడి, చౌక ఫోనులో తెరిచినా అవి తెరుచుకుంటాయి. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఈ వెబ్ సాంకేతికతను ఎవరైనా పైసా కట్టకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. ఆ తర్వాత బ్రౌజర్లు చేసే కంపెనీలు తమలో తాము ఎంత కొట్టుకున్నా ఒక్క కట్టుబాటును మాత్రం చాలావరకు దాటలేదు: పాత పేజీ పాడు కాకూడదు. 1996లో పేజీ రంగులూ అమరికా చెప్పే సీఎస్‌ఎస్ వచ్చింది. 2010లో ఈథన్ మార్కాట్, తెర కొలతను బట్టి పేజీ సర్దుకునే రెస్పాన్సివ్ డిజైన్ గురించి రాశాడు. 2017లో ప్రధాన బ్రౌజర్లన్నిటిలో పేజీని గడులుగా పేర్చే సీఎస్‌ఎస్ గ్రిడ్ చేరింది. వీటన్నిటి కింద శీర్షిక, పేరా, లింకు అలాగే ఉన్నాయి. ఎవరి సొత్తూ కానిది నిలిచింది. ఒక కంపెనీ సొత్తయిన ఫ్లాష్ ఆ కంపెనీ వద్దనుకున్న రోజున పోయింది.

యజమాని వద్దనుకున్న రోజున పోయే ఈ గుణం సామాజిక మాధ్యమాలకు పుట్టుకతోనే ఉంది. జియోసిటీస్‌లో ప్రపంచమంతా సొంత పేజీలు కట్టుకుంది. 1999లో యాహూ దాన్ని కొన్నది, 2009లో మూసేసింది. మన దగ్గర కుర్రకారంతా మునిగితేలిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. ఊళ్ల పేర్లతో, కాలేజీల పేర్లతో అక్కడ నడిచిన కబుర్లు ఇప్పుడు ఎక్కడున్నాయి? గూగుల్ ప్లస్ 2019లో పోయింది. టిక్‌టాక్‌ను 2020 జూన్‌లో ప్రభుత్వం నిషేధించింది. తెలంగాణ పల్లెల్లో దాని మీద పేరు తెచ్చుకున్నవాళ్లు మర్నాటికి మళ్లీ మొదటి మెట్టు మీద నిలబడ్డారు. భారతీయ భాషలకు వేదిక అంటూ వచ్చిన కూ 2024లో ఆగిపోయింది. అదే ఏడాది మార్చిలో, చిన్న వ్యాపారాలు ఉచితంగా కట్టుకున్న బిజినెస్ ప్రొఫైల్ సైట్లను గూగుల్ ఆపేసింది. ఉచితంగా వస్తుంటే డబ్బు పెట్టి కట్టించుకోవడం ఎందుకని నాతో వాదించిన పెద్దమనుషులు కొందరు ఆ జాబితాలో ఉన్నారు. వాళ్లను నేనేమీ అనలేదు. లోపల కొంచెం అనుకున్నాను.

మూతపడకపోయినా భరోసా లేదు. మా బజారులో ఒక బట్టల దుకాణం వారి పేజీ ఒక ఉదయం తెరుచుకోలేదు. ఏ మాధ్యమమన్నది అనవసరం. నియమాలు ఉల్లంఘించారని ఒక వాక్యం వచ్చింది, ఏ నియమమో లేదు. ఫోను చేసి అడగడానికి నంబరు లేదు, వెళ్లి నిలదీయడానికి ఆఫీసు లేదు. ఫారం నింపితే మరో ఫారం వచ్చింది. ఏళ్ల తరబడి పెట్టిన చీరల ఫొటోలు, వాటి కింద "ఇంకా ఉందా అక్కా?" అని అడిగినవాళ్ల పేర్లు, ఇచ్చిన జవాబులు, అన్నీ పోయాయి. దుకాణం మాత్రం ఎప్పటిలాగే తెరిచే ఉంది.

2021 అక్టోబరు 4 రాత్రి అయితే అందరికీ ఒకేసారి అనుభవమైంది. ఎంగిలిపూల బతుకమ్మకు రెండు రోజుల ముందు, చీరల బేరాలు జోరుగా సాగే వేళ, రాత్రి 9 దాటాక ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ సుమారు ఆరు గంటలు నిలిచిపోయాయి. ఎవరో దాడి చేశారని పుకార్లు లేచాయి గాని, జరిగింది ఈ మూడింటికీ యజమాని అయిన ఒకే కంపెనీ తన సొంత నెట్‌వర్కులో చేసిన మార్పు. దానివల్ల తమ సర్వర్లకు దారి ఎటో మిగతా ఇంటర్నెట్‌కు చెప్పే సమాచారం వెనక్కి పోయింది. ఆ పేర్లు వెతికితే చిరునామా దొరకలేదు. ముగ్గురు వేర్వేరు మనుషులను నమ్ముకున్నామని అనుకున్నవాళ్లకు నమ్ముకున్నది ఒక్కరినేనని ఆ రాత్రి తెలిసింది.

ఇంతా చెప్పి, సామాజిక మాధ్యమాలు మానేయండని నేను అనను. అలా అనేవాడు కొత్తవాడ సందుల్లోకి ఎప్పుడూ వెళ్లి ఉండడు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు పత్రం కంటే, బెంగళూరులో ఉన్న కొనుగోలుదారుకు మగ్గం మీద ఉన్న రంగును వీడియోకాల్‌లో చూపించగలగడమే నేతగాడికి ఎక్కువ అక్కరకు వచ్చింది. చదవడం రాయడం రానివాళ్లు గొంతుతో సందేశం పంపి బేరం కుదుర్చుకుంటున్నారు. నా సైట్లేవీ ఆ పని చేయలేదు. నేను అనేది ఇంతే: రైతు మిర్చి బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కు తెస్తాడు, అమ్ముతాడు, ఇంటికి పోతాడు. పట్టాదారు పాసుపుస్తకాన్ని యార్డులో వదిలిపెట్టి పోడు. ధరలు, కొలతలు, నేత కథ, చిరునామా, ఫోను నంబరు సొంత చోట ఉంచి, అక్కడినుంచి ఫేస్‌బుక్‌కూ ఇన్‌స్టాగ్రామ్‌కూ పంచవచ్చు. ఇన్‌స్టాగ్రామ్ పోస్టు కింద రాసే మాటల్లో లింకు పెడితే అది నొక్కడానికి పనికిరాదు, గమనించారా? బయటికి పోయే తలుపు ఉద్దేశపూర్వకంగానే మూసి ఉంచుతారు. పైగా మీ పేజీని ఇష్టపడినవాళ్లందరికీ మీ పోస్టు కనబడుతుందనుకోవడం భ్రమ. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన న్యూస్‌ఫీడ్‌లో స్నేహితుల, బంధువుల పోస్టులకే ముందు చోటిస్తామని, వ్యాపారాల పేజీలవి తగ్గుతాయని బాహాటంగానే చెప్పింది. ఇన్ని వేలమంది మనవాళ్లేనని సంబరపడేవాళ్లు అదే వేలమందికి చేరడానికి ఇప్పుడు డబ్బు కడుతున్నారు.

ఇక బొమ్మల సంగతి. ఇక్కడికి వచ్చేసరికి నాకు కోపం ఆగదు.

తెలుగు అక్షరం వెబ్ మీదికి చాలా కష్టపడి వచ్చింది. మన ప్రింటింగ్ ప్రెస్సుల్లో పెళ్లి పత్రికలూ కరపత్రాలూ ఎన్నో ఏళ్లుగా అనూ ఫాంట్లలో, పేజీలు పేర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరులో తయారవుతున్నాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షను 2001లో వచ్చిన 7. మన డీటీపీ ఆపరేటర్లకు ఆ సంగతితో పని లేదు, ఇప్పటికీ అందులోనే వేళ్లు మెరుపుల్లా ఆడిస్తారు. కాగితం మీదికి అది చక్కని ఏర్పాటు. కానీ లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలు. వాటికి తెలుగు రూపం తొడుగుతారు, అంతే. ఆ ఫైలులోని పేరాను కాపీ చేసి వెబ్ పేజీలో పెడితే ఏ భాషకూ చెందని చెత్త కనబడుతుంది. 2000 ప్రాంతంలో ఈనాడు సహా పెద్ద పత్రికల సైట్లు కూడా ఎవరి ఫాంటు వారు పెట్టుకున్నవే. ఒకరి పేజీలోని వార్తను మరొకచోట వెతకడానికి వీల్లేదు.

ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కోదానికి ఒక్కో సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అది మన తెర మీదికి రావడానికి మాత్రం పదేళ్లకు పైగా పట్టింది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉండేది, అయినా కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి ఒక గడిలో టిక్కు పెట్టి, సీడీ కోసం ఇల్లంతా వెతికితేగాని వత్తులు సరిగ్గా కూర్చునేవి కావు. ఆ దశలో జీతం తీసుకోకుండా పనిచేసినవాళ్ల వల్లనే మనం ఇవాళ తెలుగులో టైపు చేస్తున్నాం. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు ఉచితంగా ఇచ్చారు. పాలకుర్తి పక్కన బమ్మెర ఉన్న ఈ ప్రాంతంలో ఆ మొదటి పేరు చూసి నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. నాగార్జున వెన్న చేసిన పద్మ, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో చేరి పత్రికల సొంత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. వీవెన్ లేఖిని పెట్టాడు; ఇంగ్లీషు కీబోర్డు మీదే తెలుగు రాసే దారి ఎంతమందికో దానితో దొరికింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది.

అంత కష్టపడి అక్షరాన్ని అక్షరంగా నిలబెట్టుకున్న తర్వాత మనం ఏం చేశాం? దాన్ని మళ్లీ బొమ్మలో పూడ్చిపెట్టాం. కాలేజీ అడ్మిషన్ల ప్రకటన, గుడి బ్రహ్మోత్సవాల ఆహ్వానం, జాతరకు వెళ్లే బస్సుల వేళలు, కరెంటు కోత సమయాలు, చివరికి సంతాప సందేశం కూడా ఫ్లెక్సీ వేసే కుర్రవాడు పాత ఫాంటులో కొట్టి, పూలూ వెలుగులూ పెట్టి తీసిన జేపీజీ. అది వాట్సాప్‌లో పది గుంపులు తిరిగి, తిరిగిన ప్రతిసారీ మసకబారి, వారానికల్లా కిందికి జారిపోతుంది. వచ్చే ఏడాది అదే సమాచారం కావలసినవాడు ఎక్కడ వెతకాలి? ఏ పదంతో వెతకాలి? అందులో పదాలే లేవు, చుక్కల రంగులు తప్ప. చూపు లేనివాళ్లు ఫోనులో తెర మీది మాటలను చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని వింటారు. ఇలాంటి పోస్టు దగ్గరికి వచ్చేసరికి అది చాలాసార్లు 'ఫొటో' అని ఊరుకుంటుంది. గూగుల్ లెన్స్ చదువుతుంది కదా అంటారు. తీరుగా అచ్చయిన పేజీని చదువుతుంది. పసుపు మీద ఎరుపు, ఎరుపు చుట్టూ తెలుపు, దాని వెనక నీడ వేసిన అక్షరాల మీద తడబడుతుంది. అయినా వెతికేవాడు ముందు ఆ బొమ్మ దాకా చేరాలి కదా.

బరువు కూడా చూడండి. యూనికోడ్‌ను వెబ్‌లో వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. 'వరంగల్' అన్న మాట 18 బైట్లు. మీరు చదువుతున్న ఈ వ్యాసంలోని అక్షరాలన్నీ కలిపినా వాట్సాప్‌లో తిరిగే ఒక మామూలు పోస్టరంత ఉండవు. ఏజెన్సీ వైపు, ఏటూరునాగారం అవతల సిగ్నలు సన్నగా ఉన్నచోట తెరుచుకునేది ఏదో వేరే చెప్పాలా?

బొమ్మలవైపు మొగ్గడానికి కారణం లేకపోలేదు. మామూలు వెబ్ టెంప్లేట్లలో తెలుగు నిజంగానే అందంగా కనబడదు. అవి ఇంగ్లీషు అక్షరాల కొలతకు చేసినవి. వరుసకూ వరుసకూ మధ్య ఎడం చాలక పై వరుస వత్తులు కింది వరుస గుడులను గుద్దుకుంటాయి. బటన్ల మీద 'స్త్రీ' అని రాస్తే కింది భాగం తెగిపోతుంది. శీర్షికలు హుందాగా ఉంటాయని ఇంగ్లీషులో అక్షరాల మధ్య కాస్త ఖాళీ వదులుతారు. తెలుగుకు అదే చేస్తే మాట ముక్కలుముక్కలుగా విడిపోతుంది. దీనికి మందు కష్టమైనదేమీ కాదు. ఎడం పెంచాలి, అక్షరం పరిమాణం ఒక మెట్టు పెంచాలి, మంచి ఫాంటు పెట్టాలి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సురవరం, గిడుగు, ధూర్జటి, ఇంకా ఎన్నో ఉచితంగా ఉన్నాయి. పోస్టరు మీద కావలసిన ఠీవి రామభద్రలో దండిగా ఉంది, పైగా అది వెతికితే దొరికే అక్షరం. ఈ సర్దుబాట్లు సొంత పేజీలోనే చేయగలం. ఫేస్‌బుక్‌లో వరుసల ఎడం ఎంత ఉండాలో మనల్ని ఎవరూ అడగరు.

పెద్ద కంపెనీలకు తెలుగు ఎంత దూరపు చుట్టమో 2018 ఫిబ్రవరిలో చూశాం. 'జ్ఞా' అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో, కంటికి కనబడని ఒక సంకేతంతో కలిసి వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. ప్రపంచమంతా నవ్వుకుంది, కొంటె కుర్రాళ్లు దాన్ని మిత్రులకు పంపి ఆడుకున్నారు, యాపిల్ ఆ నెలలోనే సరిచేసింది. జ్ఞానం తట్టుకోలేక పడిపోయిందని మా ఆఫీసులో కొన్నాళ్లు వేళాకోళం నడిచింది.

ఈమధ్య కొత్త అభ్యంతరం ఒకటి వచ్చింది. వెతికితే గూగులే పైన జవాబు రాసి ఇస్తోంది, కృత్రిమ మేధను అడిగితే అదే చెబుతోంది, సైటు దాకా వచ్చేదెవరు? ఇది నిజమే, రాకపోకలు తగ్గుతున్నాయి. కానీ ఆ యంత్రాలు చెప్పే జవాబు ఎక్కడో ఎవరో రాసిన అక్షరాల నుంచే వస్తుంది. పెంబర్తి ఇత్తడి రేకు మీద నగిషీ ఎలా చెక్కుతారో ఆ పని తెలిసినవాళ్లు తెలుగులో అక్షరాలుగా రాసి పెట్టకపోతే, తెలియనివాళ్లు ఇంగ్లీషులో రాసిన రెండు పేరాలను పట్టుకుని ఆ యంత్రం మనకే మన సంగతి ఘనంగా వివరిస్తుంది.

మా వృత్తివాళ్లు కూడా అమాయకులు కారు. దుకాణదారులు సైట్ల నుంచి పారిపోవడానికి సగం కారణం మేమే. ఐదు పేజీల క్లినిక్ సైటుకు, వైద్యుడి పేరూ వేళలూ ఫోను నంబరూ చెప్పడానికి, పెద్ద కంపెనీలకు పనికొచ్చే జావాస్క్రిప్ట్ సరంజామా అంతా దించుతాం. ప్రపంచంలో సగటు వెబ్ పేజీ బరువు ఇప్పుడు 2 ఎంబీ దాటిపోయింది. మా ఊరి సైట్లు కొన్ని దానికంటే బరువు. అంతకన్నా నీచమైనది మరొకటి ఉంది. డొమైన్‌ను, అంటే సైటు చిరునామాగా ఉండే పేరును, యజమాని పేరు మీద కాకుండా డిజైనరు తన పేరు మీద రిజిస్టరు చేసుకుంటాడు. ఏడాదికి కొద్ది మొత్తమే అయ్యే ఆ పేరును గుప్పిట్లో పెట్టుకుని, రెన్యూవల్‌కు ఎన్నో రెట్లు గుంజుతాడు. గొడవ వస్తే సైటు ఆపేస్తాడు. ఇలా దెబ్బతిన్న కాలేజీ యజమాని ఒకాయన "వాళ్ల గడప తొక్కడం కన్నా ఫేస్‌బుక్ నయం సార్, కనీసం బెదిరించదు" అన్నారు. ఆయనకు ఎదురు చెప్పడానికి నాకు నోరు రాలేదు. మీకు ఇప్పటికే సైటు ఉంటే, ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు డొమైన్ ఎవరి పేరు మీద ఉందో చూసుకోండి.

నేను ఈమధ్య కడుతున్నవి చాలావరకు ఒక్క పేజీ సైట్లు, మహా అయితే నాలుగు. ఉత్త హెచ్‌టీఎంఎల్, కొంచెం సీఎస్‌ఎస్, ఒక తెలుగు ఫాంటు, అవసరమైన ఫొటోలు. పాస్‌వర్డులన్నీ ఒక కాగితం మీద రాసి యజమాని చేతికి ఇస్తాను. ఫీజు తక్కువే, మళ్లీ మళ్లీ వచ్చే ఆదాయం ఇంకా తక్కువ; ఇంట్లో ఈ విషయం మీద చర్చ జరుగుతూనే ఉంటుంది.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది టెక్నాలజీ కాదు. సైటును చూసుకునే కుర్రవాడు, అంటే ఆ ఇంటి కొడుకో మేనల్లుడో, ఉద్యోగానికి హైదరాబాద్‌కో అమెరికాకో వెళ్లిపోతాడు. రెన్యూవల్ ఈమెయిళ్లు అతని పాత ఖాతాకు వస్తుంటాయి, ఎవరూ చూడరు, గడువు దాటిపోతుంది, ఆ పేరును ఇంకెవరో కొనేసి జూదం ప్రకటనలు పెడతారు. ఊరి చరిత్ర రాసుకున్న మాస్టారి పేరు మీద జూదం ప్రకటనలు! డొమైన్‌ను ఒకేసారి పదేళ్లకు మించి కొననివ్వరు. అందుకని మొదటిరోజే ఆ పదేళ్లకూ కట్టించేస్తున్నాను, గడువు తేదీని దుకాణంలో గోడ క్యాలెండరు వెనక రాయిస్తున్నాను, రెన్యూవల్ సమాచారం ఇంటిపెద్ద ఫోను నంబరుకే వచ్చేలా పెడుతున్నాను. "పదేళ్లకా? అప్పటికి ఈ ఇంటర్నెట్ ఉంటుందా తమ్మీ?" అని ఒకాయన అడిగాడు. ఉంటుందని చెప్పి డబ్బు కట్టించాను.